మేకుకి వేలాడే కోటు

"మోంజీ ఏడీ?" అని అడిగాడు బెల్హసన్ మామ, గుమ్మంలో నిలబడి.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగరు. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి గురించి ఏడీ, వచ్చాడా, ఇంకా రాలేదేం అని నోటితో అనకూడదు. అంటే సముద్రం వింటుందని మా అమ్మ హల్లూమా నమ్మకం. మా కెర్కెన్నా దీవిలో సగం మంది నమ్మకం కూడా అదే. మిగతా సగం మంది నమ్మరు గానీ, వాళ్ళూ అడగరు.

అందుకే జాలరి ఇంటి ముంగిట గోడకి ఒక మేకు ఉంటుంది. మనిషి ఒడ్డెక్కాడంటే అతని రబ్బరు కోటు మేకు మీద ఉంటుంది. మేము మేకు వైపు ఒక్క చూపు చూసి మా పని మేం చేసుకుంటాం.

కోటు మేకు మీదే ఉంది.

"ఏడీ ఏంటి? నీ కొట్లోనే ఉండి ఉంటాడు" అంది అమ్మ, లోపల్నుంచి కదలకుండానే. వీధి మొత్తం చీకటి. ఇల్లు మొత్తం చీకటి. వంటింట్లో ఒక్క కొవ్వొత్తి, దాని పక్కన మూత పెట్టిన గిన్నెలో ఆక్టోపస్ కుస్కుస్, అన్నయ్య రాత్రి తిండి.

బెల్హసన్ మామది రేవు దగ్గర కాఫీ కొట్టు. అక్కడ మా అన్నయ్య మోంజీకి రోజూ ఒక కుర్చీ. చేపలు రేవులో అమ్మేసి, ఇంటికొచ్చి కోటు మేకుకి తగిలించి, పెళ్ళాం మొహం కూడా చూడకుండా పేకాటకి పోవడం అతగాడి అలవాటు. తొమ్మిదిన్నరకి ఆకలేస్తే వస్తాడు. అదీ మా ఇంటి లెక్క.

"నా కొట్టుకి రాలేదు హల్లూమా అక్కా. కొవ్వొత్తి పెట్టుకుని ముగ్గురం కూచున్నాం. నాలుగో చెయ్యి లేక పేకలు కూడా పంచలేదు" అన్నాడు మామ.

 నేను కుట్టు మిషను పక్కన నిలబడి ఉన్నాను. మేకు వైపు చూడలేక మిషను మీద గుడ్డ కప్పాను.

మా వదిన నజీహా అప్పుడే బడి దగ్గరి ఒడ్డు నుంచి తిరిగొచ్చింది. బురద అంటని పట్నం మనిషి, అవతలి ఒడ్డున స్ఫాక్సులో పుట్టి పెరిగింది. మా ఊరి బడిలో పంతులమ్మ. ఈ రాత్రి చీకటంతా ఆమె చేసిందే. భూమి వేడెక్కుతోంది, సముద్రం పైకొస్తోంది, ప్రపంచమంతా ఒక గంట దీపాలు ఆర్పుతుంది, మనమూ ఆర్పుదాం అని నెల రోజులుగా గడప గడపా ఎక్కింది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క మా అమ్మ తప్ప.

పోయిన వారం వాళ్ళిద్దరికీ జరిగిన రభస వీధి వీధంతా విన్నదే. మా మేడ మీద సముద్రం వైపు ఒక దీపం ఉంది. మా నాన్నమ్మ పెట్టించింది, అప్పుడు లాంతరు, ఇప్పుడు బల్బు. ఇంటి మగాడు నీళ్ళ మీద ఉన్నంతసేపూ అది వెలగాలి. ఊరు మునుగుతుంటే ఒక గంట దీపం ఆర్పితే సముద్రం సిగ్గుపడి వెనక్కి పోతుందా అని అమ్మ ఎత్తిపొడిచింది. మీ అంజూరపు చెట్లు ఉప్పుకి ఎందుకు మాడిపోయాయో, శ్మశానం గోడ ఎందుకు కూలిందో ఎవరైనా పట్టించుకోవాలిగా అని వదిన. మాట మీద మాట పెరిగి, చివరికి వదిన అనకూడని మాట అనేసింది. మామయ్య పోయిన రాత్రి కూడా ఆ దీపం వెలుగుతూనే ఉందిగా అత్తయ్యా అంది. మామయ్య అంటే మా నాన్న, పదకొండేళ్ళ కిందట సముద్రం మీదే పోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు అమ్మ ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున రొట్టె పిండి కలుపుతూ, వాడు ఒడ్డున ఉంటే ఆర్పుతాను, లేకపోతే లేదు అంది. అంతే, అదే రాజీ.

ఈ సాయంత్రం ఎనిమిదీ ఇరవై అయిదుకి అమ్మ ముంగిట్లోకి వచ్చి మేకు వైపు చూసింది. కోటు ఉంది. మెట్లెక్కి, తన చేత్తోనే స్విచ్ నొక్కింది. దిగేటప్పుడు ఏదో గొణుక్కుంటూ దిగింది. నేను చూశాను.

ఇప్పుడు తొమ్మిదికి పది నిమిషాలు.

వదిన ఫోను తీసి అన్నయ్యకి చేసింది. వంటింట్లో ఫోను మోగింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మా ముగ్గురి మొహాలూ విచ్చుకున్నాయి. ఇంట్లోనే ఉన్నాడు, చీకట్లో ఎక్కడో పడి నిద్రపోతున్నాడు అనుకున్నాం. వదిన పరుగెత్తింది. ఫోను పిండి డబ్బా వెనక ఛార్జింగుకి పెట్టి ఉంది, తెర మీద వదిన పేరు వెలుగుతోంది. దాన్ని ఆపడం కూడా తోచక అలాగే నిలబడిపోయింది. తన చేతిలోని ఫోను కూడా అక్కడే గట్టు మీద పెట్టేసింది.

అమ్మ ముంగిట్లోకి వెళ్ళి కోటు ముట్టుకుంది. చేతుల మీద తడిమింది. వాసన చూసింది.

"పొడిగా ఉంది. ఉప్పు వాసన కూడా లేదు" అంది.

 బెల్హసన్ మామ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చావింట్లో తీసినట్టు తీశాడు. రేవుకి పోయి పడవ దొరుకుతుందేమో చూస్తానని వెళ్ళిపోయాడు. ఈ వేళ నీరు వెనక్కి తీస్తోంది, పెద్ద పడవలన్నీ బురదలో కూరుకుని ఉంటాయని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

అమ్మ కోటు వదల్లేదు. చీకట్లో ఆమె వేళ్ళు కుడి మోచేతి దగ్గర ఆగాయి. అక్కడ కొత్త అతుకు ఉంది. 

ఆ అతుకు వేసింది నేను. మధ్యాహ్నం అన్నయ్య కోటు నా మిషను మీద పడేసి, మోచేయి చినిగింది, సాయంత్రానికి కుట్టి పెట్టు అన్నాడు. మరి నువ్వేం వేసుకుంటావన్నయ్యా అంటే, అమ్మ పెట్టె తెరిచి నాన్న కోటు తీశాడు. నాన్న ఆఖరిసారి వెళ్ళినప్పుడు వేసుకోకుండా వదిలేసిన కోటు అది. పదకొండేళ్ళుగా అమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అమ్మకి చెప్పకు మబ్రూకా, చీకటి పడేలోగా తెచ్చి పెట్టేస్తాను అన్నాడు. సరే అన్నాను. పొద్దు వాలే వేళకి అతుకు వెయ్యడం అయిపోయింది. లేచి, నడుము విరుచుకుని, కోటు పట్టుకెళ్ళి మేకుకి తగిలించాను.

అలవాటు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఈ ఇంట్లో కోటు ఉండే చోటు అదేగా. అమ్మ దీపం ఆర్పినప్పుడు కూడా, అన్నయ్య వచ్చి నాన్న కోటు పెట్టెలో పెట్టేసి పేకాటకి పోయి ఉంటాడనే అనుకున్నాను. ఇంతకంటే నాకు వేరే సంజాయిషీ లేదు.

"దీన్ని ఇక్కడ ఎవరు తగిలించారు?" అంది అమ్మ.

చెప్పాలి. నోరు తెరిస్తే రెండు చెప్పాలి. కోటు నేను తగిలించానని ఒకటి, అన్నయ్య నాన్న కోటు వేసుకుని వెళ్ళాడని ఇంకొకటి. రెండోది విన్నాక అమ్మ నిలబడగలదా? అదొక సాకు. అసలు సంగతి నేను భయపడ్డాను. మొగుడు వదిలేస్తే అన్న ఇంట్లో ఆరేళ్ళుగా తింటున్నదాన్ని. ఆ ఇంటికి ఆ మగాడు లేకుండా చేసింది నేనే అని ఎలా చెప్పను?

నేను మాట్లాడకపోయేసరికి అమ్మ వదిన వైపు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనా? నేను మూడింటి నుంచి బడి దగ్గరే ఉన్నాను అత్తయ్యా."

"దీపం ఆర్పించడానికి నెల రోజులు నా వెంట పడ్డావు. నేనేమన్నాను? వాడు ఒడ్డున ఉంటేనే అన్నాను. కోటు మేకు మీదికి వచ్చేసింది. నడిచి వచ్చిందా?"

"మీ కొడుకు నాకు మొగుడు కాడా?" అంది వదిన. గొంతు చాలా మెల్లగా ఉంది. "దీపం కోసం నేను ఆయన్ని..." అని ఆగిపోయింది. 

 అమ్మ కోటు గుండెలకి అదుముకుని వదిననే చూస్తోంది. వదిన నన్ను చూసింది. మబ్రూకా, నువ్వు మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉన్నావుగా, ఎవరైనా వచ్చారా అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. అబద్ధం కూడా కాదు పాపం, ఎవరూ రాలేదు మరి. ఇలాంటి తెలివితేటలు నాకు బాగానే ఉన్నాయి.

అమ్మ మెట్ల వైపు పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కడానికి రోజూ పది నిమిషాలు మూలిగే మనిషి, మా కంటే ముందే పైకి చేరింది. స్విచ్ నొక్కింది. దీపం వెలిగింది. దాని వెలుగు పిట్టగోడ దాటి, తీసిపోతున్న నీళ్ళ మీద కొంచెం దూరం పోయి ఆగింది.

వెంటనే ఎదురింటి మేడ మీద నుంచి ఎవరో నవ్వారు. పంతులమ్మ గారింట్లోనే మొదట ఓడిపోయారర్రా అని ఒక ఆడగొంతు. గంట సేపు ఉండలేకపోయారా, మేము మా ముసలాయన్ని చీకట్లోనే కూచోబెట్టాం అని ఇంకొకావిడ. అమ్మ వాళ్ళ వైపు తిరిగి, మీ దీపాలు వెయ్యండి, అన్నీ వెయ్యండి అని అరిచింది. వాళ్ళకి వేళాకోళంగా వినబడిందేమో, మళ్ళీ నవ్వారు. వెయ్యమని రెండోసారి అరిచేసరికి అమ్మ గొంతు చీరుకుపోయింది. అప్పుడు నవ్వులు ఆగాయి.

నేను సముద్రం వైపు చూస్తున్నాను. మామూలు రోజుల్లో మేడ మీద నుంచి చూస్తే రేవు దీపాలు, మసీదు దీపం, మా వీధి దీపాలు, అన్నీ వరసగా ఉంటాయి. ఈ రాత్రి ఏమీ లేవు. ఒడ్డెక్కడో, నీళ్ళెక్కడో తెలియడం లేదు. చంద్రుడు కూడా లేడు.

కానీ పడమటి వైపు, ఖర్జూరపు తోట అవతల, ఒక వెలుగు గీత ఉంది. చిన్న చిన్న దీపాలు, వరసగా, నీటి అంచునే.

"అదేంటది?" అంది అమ్మ.

 వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అవి ఆమె బడి పిల్లలు పెట్టిన కొవ్వొత్తులు. టమాటా గుజ్జు ఖాళీ సీసాల్లో ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్కటి, యాభై మూడు. ఎనిమిదిన్నరకి వెలిగించి, పాట పాడి, చలిగాలికి తట్టుకోలేక తల్లులు పిల్లల్ని పావుగంటకే ఇళ్ళకి లాక్కుపోయారు. సీసాలు అక్కడే వెలుగుతున్నాయి. సముద్రం మీద నుంచి చూసేవాడికి ఈ రాత్రి ఇప్పటిదాకా మా దీవిలో కనబడిన వెలుగు అదొక్కటే. వరసగా ఉంది కాబట్టి రేవులా ఉంటుంది.

ఆ ఒడ్డు ముందర బండరాళ్ళున్నాయి. బడి గోడని సముద్రం కొరికేస్తోందని మూడేళ్ళ కిందట లారీలతో తెచ్చి పోశారు. నీరు నిండుగా ఉంటే లోతుగా మునిగి ఉంటాయి. తీసినప్పుడు మొనలు నీటికి జానెడు కిందే ఉంటాయి, పైకి కనబడవు. అన్నయ్య నీళ్ళలో మట్టలు పాతి కట్టిన చేపల కంచె దగ్గర్నుంచి ఇంటికొచ్చే దారిలో ఎప్పుడూ మా దీపాన్ని ఎడమకి పెట్టుకుని, ఆ రాళ్ళకి అంత దూరంలో తిరుగుతాడు. మా దీపం లేకపోతే?

"ఆర్పండి. పోయి ఆర్పండి వాటిని. ఆ వెలుగు పట్టుకుని వచ్చాడంటే రాళ్ళ మీదికే వస్తాడు" అంది అమ్మ. తను దీపం దగ్గర్నుంచి కదలనంది. కోటుని నమ్మి ఒకసారి దీపాన్ని వదిలిపెట్టాను, చాలు అంది.

వదినా నేనూ మెట్లు దిగి పరుగెత్తాం. చేతిలో ఏమీ తీసుకోలేదు. ఫోన్లన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి, ఆ సంగతి తోట దాటేదాకా తట్టనే లేదు.

తోటలో కాళ్ళ కింద ఎండు మట్టలు విరుగుతున్నాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది, దారి నాకు తెలుసని. ఆమె చెయ్యి మంచులా ఉంది. ఇంజను చప్పుడేమైనా వినబడుతోందా మబ్రూకా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. మూడోసారి అడగలేదు. పరుగెడుతూనే ఏడుస్తోంది. అత్తయ్య నా గురించి అలా ఎలా అనుకుంది, నేను అలాంటిదాన్నా అంటోంది.

ఇక మోయలేకపోయాను.

"కోటు నేనే తగిలించాను వదినా. కుట్టి తగిలించాను. ఆలోచించలేదు."

ఆమె ఆగింది. చీకట్లో మొహం కనబడలేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ పరుగెత్తింది, ఈసారి ఒక్కతే, మట్టలకి తట్టుకుంటూ, దారి తప్పుతూ. నేను వెనకాల.

ఒడ్డుకి చేరేసరికి సీసాలన్నీ ప్రశాంతంగా వెలుగుతున్నాయి. పిల్లలు ఒక్కొక్క సీసా మీద రంగు కాగితం అంటించారు, చేపలు, పడవలు, పేర్లు. చూడడానికి ఎంత బాగున్నాయో, నాకు అంత అసహ్యం వేసింది. వదిన ఈ చివర నుంచి, నేను ఆ చివర నుంచి మొదలుపెట్టాం. మూతి మీద అరచెయ్యి పెడితే ఆరిపోతుంది. మొదటి పదింటికి చెయ్యి కాలింది. తర్వాత తెలియలేదు.

ఆర్పుతున్న కొద్దీ సముద్రం దగ్గరికొస్తున్నట్టుంది. పది, ఇరవై. ఎక్కడా ఇంజను లేదు. పడవ వస్తుంటే ఈపాటికి వినబడాలి. రాలేదంటే ఇంకా దూరంగా ఉన్నాడు, మా దీపం చూసి ఉంటాడు, సరైన దారిన తిరిగి ఉంటాడు అని నాకు నేను చెప్పుకుంటూ ఒక్కొక్కటే ఆర్పాను. మధ్యలో వదినా నేనూ ఎదురుపడ్డాం. ఒక్క సీసా మిగిలింది. నేను వంగేలోపల ఆమే వంగి ఆర్పేసింది.

చీకటి అయిపోయింది. మైనపు వాసన.

అప్పుడు వినబడింది. పడవ మీద నుంచి కాదు, నీళ్ళలో నుంచి. చాలా కింద నుంచి.

"ఆర్పకండి. ఎవరైనా సరే, ఆర్పకండి."

ఆ గొంతు మా అన్నయ్యది.

పడవ ఎప్పుడో రాళ్ళకి తగిలింది. అతను నీళ్ళలో ఉన్నాడు. కొవ్వొత్తులు పట్టుకుని ఒడ్డుకి వస్తున్నాడు, మేం వాటిని ఒక్కొక్కటే ఆర్పుతుంటే చూస్తూ వస్తున్నాడు. నాన్న కోటు పాతకాలంది, రబ్బరుది కాదు, మందపాటి గుడ్డది. నీళ్ళు పీల్చుకుంటే మనిషంత బరువుంటుంది.

వదిన మోకాళ్ళ మీద పడి ఇసుకలో అగ్గిపెట్టె కోసం వెతికింది. పిల్లలు ఎక్కడైనా పడేసి ఉంటారని. నేనూ వెతికాను. గవ్వలు, కాగితాలు, ఇసుక. ఇంటి దీపం తోట అడ్డు వచ్చి ఇక్కడికి కనబడదు. ఊళ్ళోకి పోయి అగ్గిపెట్టె తేవాలంటే పావుగంట. మార్చి నెల నీళ్ళలో పావుగంట.

ఆమె లేచి చెప్పులు విప్పేసింది.

"నీకు ఈత రాదు" అన్నాను.

"నడవడం వచ్చుగా. రాళ్ళదాకా నడుము లోతే అని నువ్వే చెప్పావు." నీళ్ళలోకి దిగుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. "నువ్విక్కడే నిలబడి మాట్లాడు. ఆపకుండా మాట్లాడు. వెలుగు లేదు, నీ గొంతు పట్టుకునే ఆయన రావాలి. నేనూ అది పట్టుకునే వెనక్కి రావాలి."

"ఏం మాట్లాడను?"

"సాయంత్రం నుంచి నోట్లో పెట్టుకుని కూచున్నావుగా. అదే చెప్పు."

ఆమె నడుస్తున్న చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత అలల చప్పుడులో కలిసిపోయింది.   ఇరవై ఏళ్ళ వయసులో పెళ్ళి పందిట్లో పాడిందాన్ని, అంతకు ముందూ తర్వాతా ఎప్పుడూ గట్టిగా మాట్లాడినదాన్ని కాదు.

నోరు తెరిచాను.

"అన్నయ్యా, కోటు నేనే తగిలించాను" అని అరిచాను. "నువ్వు నాన్న కోటు వేసుకుని వెళ్ళావని అమ్మకి చెప్పలేదు. వదిన తగిలించిందని అమ్మ అంటుంటే ఊరుకున్నాను. విను అన్నయ్యా, ఇటు రా, నేనిక్కడున్నాను. కోటు విప్పేసెయ్యి. ఇటు రా."

 మళ్ళీ మొదటినుంచి చెప్పాను, ఇంకా గట్టిగా. మేకు, అతుకు, పెట్టె, అన్నీ చెప్పాను. ఊరంతా విన్నా సరే అనుకున్నాను.

మూడోసారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు దగ్గు వినబడింది. అన్నయ్య దగ్గు, నీళ్ళు మింగిన దగ్గు. నాకు ఎడమ వైపు, చాలా దగ్గరగా.

ఈత రాని వదిన అతన్ని వెతుకుతూ కుడి వైపుకి వెళ్ళింది.